స్వరం–సందేహం: ఇద్దరు కలిస్తేనే పూర్తయ్యే పాట

రెండు నెలల క్రితం ఒక పాఠకుడు వెదురు వాద్యాల గురించి అడిగారు. జవాబులో, పెరూ దేశంలో టిటికాకా సరస్సు ఒడ్డున ఉన్న పునో ఊళ్లో నేను విన్న సికు మేళం గురించి నాలుగు వాక్యాలు రాశాను. అప్పటినుంచి వస్తున్న ఉత్తరాల్లో సగం ఆండీస్ కొండల పాటల గురించే. ఈ నెల శీర్షిక మొత్తం వాటికే ఇస్తున్నాను.

ప్రశ్న: విశాఖపట్నంలో ఒక బాలికల పాఠశాలలో సంగీతం టీచర్‌ని. ఏడు నుంచి పదో తరగతి దాకా 24 మంది అమ్మాయిలతో క్వయర్ (బృందగానం) నడుపుతున్నాను. వార్షికోత్సవానికి 'ఎల్ కొందోర్ పాసా' ఎంచుకుని మూడు భాగాలకు రాశాను. పై వరసలో పాట, కింద రెండు వరసల్లో కార్డులు, అంటే పాటతో కలిసి ఒకేసారి మోగే స్వరాలు. కార్యక్రమం కాగితం మీద 'ఆండీస్ జానపద గీతం' అని వేయిస్తున్నాం. పిల్లలు శ్రుతి తప్పడం లేదు, తాళం తప్పడం లేదు. అయినా వింటుంటే ఆదివారం ఆరాధనలో పాడే కీర్తనలాగే ఉంది. అన్నిటికంటే కింది వరస పాడే ఆల్టో పిల్లలైతే మరీ నీరసంగా పాడుతున్నారు. స్వరపత్రం జత చేశాను. లోపం ఎక్కడుందో చెప్పగలరా?

జవాబు: టీచర్ గారూ, మీ స్వరపత్రం హార్మోనియం ముందు పెట్టుకుని మూడు వరసలూ విడివిడిగా పాడి చూశాను. ఒక్క స్వరం కూడా తప్పు రాయలేదు. ఆల్టో పిల్లల నీరసానికి కారణం మాత్రం వాళ్ల వరస పాడగానే తెలిసింది. ఆ సంగతికి వస్తాను. కాగితం అచ్చుకు వెళ్లేలోపు ముందు ఇంకో మాట చెప్పాలి.

ఇది జానపదం కాదు. దీనికి స్వరకర్త ఉన్నాడు. పెరూలోని వానుకో ఊళ్లో 1871లో పుట్టిన దానియెల్ అలోమియా రోబ్లెస్. ఆండీస్ ఊళ్లు తిరిగి వందల కొద్దీ బాణీలు సేకరించి రాసుకున్న మనిషి. 1913 డిసెంబరులో లిమాలో గని కార్మికుల కథతో ఒక సంగీత నాటకం ఆడారు. ఆ నాటకం పేరే 'ఎల్ కొందోర్ పాసా', ఈ బాణీ అందులోది. ఆయన 1942లో పోయాడు. 1970లో అమెరికా గాయకుడు పాల్ సైమన్ ఇంగ్లీషు మాటలతో దీన్ని రికార్డు చేసినప్పుడు ఊరి పాటే అనుకున్నారు. రోబ్లెస్ కొడుకు కోర్టుకు వెళ్లాక గానీ తండ్రి పేరు చేరలేదు. 2004లో పెరూ ప్రభుత్వం దీన్ని జాతీయ సాంస్కృతిక వారసత్వంగా ప్రకటించింది. మన దేశంలో స్వరకర్త చనిపోయిన 60 ఏళ్లకు హక్కులు తీరిపోతాయి కాబట్టి బాణీ పాడుకోవడానికి మీకు అడ్డేమీ లేదు. ఇంగ్లీషు మాటల సంగతి వేరు, వాటికి అనుమతి కావాలి. కాగితం మీద మాత్రం దయచేసి 'స్వరకర్త: దానియెల్ అలోమియా రోబ్లెస్' అని వేయించండి. ఆ పేరు కోసం ఒక కొడుకు కోర్టు మెట్లు ఎక్కాడు.

ఇక పాట సంగతి. నేను గుంటూరులో లూథరన్ చర్చి క్వయర్లో పెరిగినదాన్ని. డో రే మీ అక్షరాల కాగితాలు చూసి నాలుగు భాగాలు పాడటం మా నాన్నగారు నేర్పారు. కీర్తన కట్టడం ఎలా ఉంటుందో ఒళ్లంతా తెలుసు. పై వరసలో పాట నడుస్తుంది, కింది వరసలు అదే అక్షరం మీద అదే క్షణంలో అడుగు వేస్తాయి, అన్నిటికింద బాస్ గొంతు, అంటే మగవాళ్ల అడుగు గొంతు, పునాదిరాయిలా ఉంటుంది. మీరు కట్టింది సరిగ్గా అదే ఇల్లు. అమ్మాయిల క్వయర్‌లో బాస్ లేదు కాబట్టి ఆ రాయి మోసే పని ఆల్టోల మీద పడింది. మధ్య స్థాయి కిందికి, 'జి' దాకా దించారు. పన్నెండు, పదమూడేళ్ల పిల్లలకు అక్కడ గొంతు పలకదు, గాలి మాత్రమే వస్తుంది. వాళ్లది బద్ధకం కాదమ్మా, వాళ్లు లేని స్వరాన్ని వెతుక్కుంటున్నారు.

నేనూ ఇదే చేశాను. చాలా ఏళ్ల క్రితం ఒక వైనో బాణీకి (వైనో అంటే ఆండీస్‌లో అందరూ పాడి ఆడే రెండు లెక్కల పాట) మూడు భాగాలు రాశాను. ప్రతి పాదం చివరా కాకలి నిషాదం (పై షడ్జమానికి అర మెట్టు కిందుండే నిషాదం) పెట్టి ముగించాను. అప్పుడది నాకు ఎంతో అందంగా వినిపించింది. తర్వాత పునో వెళ్లాను.

ఫిబ్రవరి మొదట్లో అక్కడ కాందెలారియా మాత పండుగ. 3,800 మీటర్ల ఎత్తు, నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం. వీధిలో సికు మేళం వస్తోంది. సికు అంటే రకరకాల పొడవుల వెదురు గొట్టాలను వరసగా కట్టిన వాద్యం, పెదవి దగ్గర పెట్టుకుని ఊదుతారు. నేను ఒక ముసలాయన పక్కనే, చెయ్యి చాస్తే తగిలేంత దగ్గర నిలబడ్డాను. ఆయన ఊదుతున్నది పాటలా లేదు. ఒక స్వరం, ఖాళీ, ఒక స్వరం, ఖాళీ, రెండు స్వరాలు, ఖాళీ. పళ్లూడిన దువ్వెనలా ఉంది. ఎదురుగా ఉన్న కుర్రాడు ఆ ఖాళీల్లో ఊదుతున్నాడు. ఆయన ఊపిరి తీసుకుంటున్నప్పుడు ఇతను, ఇతను తీసుకుంటున్నప్పుడు ఆయన. నాలుగడుగులు వెనక్కి జరిగాను. అప్పుడు పాట వినిపించింది, ఎక్కడా అతుకు లేకుండా.

అక్కడివాళ్ల ఐమరా భాషలో ఆ జంటలో ఒకదాన్ని 'ఇరా' అంటారు, రెండోదాన్ని 'అర్కా' అంటారు. ఇరా ముందు నడిచేది, అర్కా వెంట నడిచేది. సాధారణంగా ఇరాకు 6 గొట్టాలు, అర్కాకు 7. స్వరాల మెట్లు ఒకటి దీనిలో, తర్వాతది దానిలో పెడతారు. అందుకే ఒక్కరు పాట ఊదలేరు, ఎంత విద్వాంసులైనా సరే. మేళంలో ఇలాంటి జంటలు పదులకొద్దీ ఉంటాయి. చిన్న సికులు, పెద్ద సికులు అదే పాటను పై స్థాయిలో, కింది స్థాయిలో పలుకుతాయి. ఆ వీధిలో నేను విన్న నిండుదనమంతా అదే. ఒకే పాట, చాలామంది పంచుకున్నది.

ఇంటికి వచ్చి నా పాత స్వరపత్రం తీశాను. 30 మంది అమ్మాయిల్లో 20 మందికి నేను పాటే ఇవ్వలేదు. వాళ్లకు పాట కింద ఆసరా ఇచ్చాను, అంతే. మీ కాగితంలోనూ అదే కనిపించింది.

మీరే చేసి చూడటానికి ఒక చిన్న వరస ఇస్తాను. ఏ పాటలోదీ కాదు, చూపించడానికి నేనే కట్టాను. స్వరాలు ఐదే: షడ్జమం, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, పంచమం, కైశికి నిషాదం.

ప ని ప మ | గ మ గ స

మొదటి సొప్రానోలు (పై గొంతు పాడేవాళ్లు) 8 మందికి స, మ, ని ఇవ్వండి. వీళ్లు ఇరా. రెండో సొప్రానోలు 8 మందికి గ, ప, పై స ఇవ్వండి. వీళ్లు అర్కా. ఇప్పుడు పాడించండి. ప అర్కాది, ని ఇరాది, ప అర్కాది, మ ఇరాది, గ అర్కాది, మ ఇరాది, గ అర్కాది, స ఇరాది. ఒక్క చోట కూడా ఎవరికీ వెంటవెంట రెండు స్వరాలు రాలేదు, చూశారా? ఐదు స్వరాల్లో పక్క మెట్టుకే అడుగు వేసే బాణీ ఏదైనా ఇలాగే పంచుకోబడుతుంది. బాణీ మెట్టు దాటి గెంతిన చోట ఎవరో ఒకరికి రెండు స్వరాలు కలిసి వస్తాయి. అదీ మంచిదే, వినేవాళ్లకు అక్కడ చిన్న కుదుపు తెలుస్తుంది.

రెండు జట్లనూ ఎదురెదురుగా, జంటలుగా నిలబెట్టండి. 'తూ' అన్న అక్షరంతో, గొట్టంలోకి ఊదినట్టు ప్రతి స్వరాన్నీ ఊపిరితో మొదలుపెట్టమనండి. తన స్వరాన్ని ఎదుటి అమ్మాయి అందుకునేదాకా వదలకూడదు. అందుకున్నాక కూడా రవ్వంత ఉండనివ్వాలి, గంట కొట్టాక మోత మిగిలినట్టు. ఆ రవ్వంత సేపు ప, ని కలిసి మోగుతాయి, మ, గ కలిసి మోగుతాయి. మీరు కార్డులతో తేవాలనుకున్న నిండుదనం అక్కడ దానంతట అదే వస్తుంది. మొదటిరోజు అందరూ ఆలస్యంగా అందుకుంటారు. రెండోరోజు కంగారుపడి ముందే అందుకుంటారు. మూడోరోజుకు కాగితం మీదినుంచి కళ్లు తీసి ఎదుటి అమ్మాయి నోటివైపు చూడటం మొదలుపెడతారు. పాట కుదిరేది అప్పుడే.

మాటలున్న చోట మాత్రం ఇలా చేయకండి. ఒక మాటలో సగం ఒకరు, సగం ఒకరు పాడితే మాట చచ్చిపోతుంది. పాటకు ముందు, చరణాల మధ్య, మాటల్లేని చోట పంచండి. మాటలు వచ్చినప్పుడు 16 మందీ ఒకే గొంతుగా పాడాలి. ఒకే గొంతుగా పాడటం తక్కువ పని అనుకోకండి. ఆండీస్ కొండల్లో ఆడవాళ్లు సన్నని పై గొంతుతో, అందరూ ఒకే వరసలో పాడే పాట నిజంగా వింటే తెలుస్తుంది, దానికి కింద ఏ ఆసరా అక్కర్లేదు.

ఇక ఆల్టోలు 8 మంది. వాళ్లను పునాదిరాయి కింద నుంచి బయటికి తీసుకురండి. శ్రుతి 'ఇ'కి పెంచండి, హార్మోనియం మధ్య స్థాయిలో మూడో తెల్ల మెట్టు. అప్పుడు ఆల్టోలకు అన్నిటికంటే కింది స్వరం ఆ స కింది పంచమం, అంటే 'బి'. అది హాయిగా పలుకుతుంది. నలుగురు స, నలుగురు కింది ప పట్టుకుంటారు, తంబూరాలాగా. పాట మధ్యకు వచ్చేసరికి స పట్టుకున్నవాళ్లు గ కు, కింది ప పట్టుకున్నవాళ్లు కింది ని కి ఎక్కుతారు. పైన అమ్మాయిలు అదే పాట పాడుతుంటారు, ఒక్క స్వరం మారదు. కానీ వినేవాళ్లకు మబ్బు విడి ఎండ వచ్చినట్టుంటుంది, ఎందుకంటే ఇప్పుడు గాంధారమే ఆధారం అయింది. పాదం చివర మళ్లీ స–ప కు దిగితే ఎండ పోతుంది. ఆండీస్ బాణీలు ఈ రెండు ఆధారాల మధ్యే ఊగుతుంటాయి. అక్కడి గిటారు, చరాంగో (చిన్న గిటారులాంటి తీగవాద్యం) వాయించేవాళ్ల చేతులు కూడా అటూ ఇటూ ఇలాగే వెళుతుంటాయి. ఆ ఊగు మొత్తం మీ ఆల్టోల చేతిలో పెట్టండి. నీరసం ఎక్కడికి పోతుందో చూడండి.

కాకలి నిషాదం గురించి ఒక జాగ్రత్త. పట్నాల్లో గిటారుతో పాడే వైనోల్లో అది వినిపిస్తుంది, కాబట్టి దాన్ని నేరం అనలేను. 'ఎల్ కొందోర్ పాసా' ప్రచారంలో ఉన్న బాణీలో కూడా కాకలి నిషాదం, చతుశ్రుతి రిషభం పాటలోనే మెరుస్తాయి. వాటిని అలాగే ఉంచండి. కింది వరసల్లో మీరుగా చేర్చినవి మాత్రం తీసేయండి. కీర్తన వాసన చాలావరకు అక్కడినుంచే వస్తోంది.

మీ పాటలో మూడు నడకలున్నాయి. మొదటిది నెమ్మదైన, దుఃఖపు యరవి. అక్కడ ఒకే అమ్మాయి పాడాలి, ఆల్టోల శ్రుతి మీద, తాళం లేకుండా. రెండోది ఊరేగింపు నడక, అక్కడ అందరూ కలవవచ్చు. చివరిది వేగమైన వైనో. ఇరా–అర్కా పంపకానికి అసలు చోటు అదే. వైనో నడకను మన చతురశ్రంలో 'తా, త క' అని చెప్పుకోవచ్చు. తా రెండు మాత్రలు, త, క ఒక్కొక్కటి. బరువంతా తా మీదే. డప్పు వాడకండి, దాని పలుకు మరీ పదును. పెద్ద డోలు మీద గుడ్డ పరిచి కొట్టించండి. జానపద వైనోల్లో పాదం చివర ఒక లెక్క ఎక్కువ రావడం మామూలే. వేరే బాణీ తీసుకున్నప్పుడు అది వస్తే, పొరపాటని సరిదిద్ది ఆది తాళంలో కూర్చోబెట్టకండి. పాడేవాళ్లు ఊపిరి తీసుకునేది ఆ లెక్కలోనే.

నిజంగా ఎవరిదో తెలియని పాత బాణీయే కావాలంటే ఒక చోటు చెబుతాను. 1780లలో పెరూలోని ట్రుహియో బిషప్ మార్తీనెస్ కొంపాన్యోన్ తన మండలం జీవితాన్ని బొమ్మలు గీయించి 9 సంపుటాలుగా స్పెయిన్ రాజుకు పంపాడు. అందులో 20 పాటలు, ఆట బాణీలు స్వరాలతో సహా ఉన్నాయి. కాచువాలు, అంటే వలయంగా చేతులు పట్టుకుని ఆడే ఆట పాటలు, అమ్మాయిల గొంతుకు చక్కగా కుదురుతాయి.

ప్రశ్న: రాజమండ్రిలో రిటైర్డ్ ఉపాధ్యాయుణ్ణి, వీణ వాయిస్తాను. మీరు రాసింది చదివి మా మనవడు ఫోనులో సికు మేళం వినిపించాడు. నా చెవికి అచ్చం శుద్ధ ధన్యాసి. ఆ రాగం ఇక్కడినుంచి అక్కడికి వెళ్లిందా? మన గమకాలతో పాడిస్తే ఇంకా రక్తి కట్టదా?

జవాబు: మాస్టారూ, మీ చెవి సరిగ్గానే విన్నది. స్వరాలు అవే. ఈ స్వరాల రాగాన్ని ఉదయరవిచంద్రిక అనేవాళ్లూ ఉన్నారు, ఆ చర్చ ఇప్పుడు వద్దు. కానీ ఎవరూ ఎక్కడికీ మోసుకెళ్లలేదు. ఐదు స్వరాల వరసలు చైనాలో ఉన్నాయి, స్కాట్లండులో ఉన్నాయి, ఆఫ్రికాలో ఉన్నాయి. స్వరాలు కలిసినంత మాత్రాన రాగం కలిసినట్టు కాదని నాకంటే మీకే బాగా తెలుసు.

పైన టీచర్ గారికి చెప్పిన ఎండ–మబ్బు మీకు ఒక్క మాటలో చెప్పవచ్చు. అది గ్రహభేదం. శుద్ధ ధన్యాసి గాంధారాన్ని షడ్జమం చేసుకుంటే మోహనం. మనం దాన్ని రాగమాలికలోనో, ఆలాపనలో ఒక క్షణం మెరుపుగానో చూపించి వెంటనే వెనక్కి వస్తాం. శ్రుతి మారలేదు కాబట్టి వినేవాళ్లకు అది గారడీలా ఉంటుంది. ఆండీస్ పాటలో అది గారడీ కాదు, రోజూ నడిచే దారి. ప్రతి పాదంలోనూ మోహనంలోకి వెళ్లి శుద్ధ ధన్యాసిలోకి తిరిగొస్తారు. పక్కన ఎవరినైనా ఒక సారి స–ప, ఒక సారి గ–ని పట్టుకోమని, మీరు మూడు తాళతీగలూ మీటకుండా వీణ మీద అదే వరస పలికించి చూడండి.

గమకాల విషయంలో మాత్రం మీతో కలవలేను. గాంధారాన్ని, నిషాదాన్ని కంపితంతో, అంటే ఊగిస్తూ, పాడితే అది మన పాట అయిపోతుంది, వాళ్ల పాట పోతుంది. ఇరా, అర్కా కలిసిన చోట రెండు స్వరాలు నిలబడి మోగాలి. ఒకటి ఊగితే ఆ మోత చెదిరిపోతుంది. వాళ్లకూ అలంకారాలున్నాయి. స్వరం మీదికి పై మెట్టు నుంచి చిటికెలా దిగడం, పాదం చివర గొంతును కొంచెం జారవిడవడం. ఆండీస్ కొండల్లో మాట్లాడే క్వెచువా భాషలో 'వకయ్' అంటే ఏడవడం. పక్షి కూయడానికీ, వాద్యం మోగడానికీ అదే మాట. అమ్మాయిలకు ఆ జారు నేర్పేటప్పుడు నేను ఈ ఒక్క మాటే చెబుతాను.

ప్రశ్న: టెక్సస్‌లో ఉంటాం. మా అమ్మాయి పిల్లల క్వయర్‌లో 'హనక్ పచప్ కుసికుయ్నిన్' అనే క్వెచువా పాట నేర్పుతున్నారు. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిచ్చిన మాటలు తనకు నోరు తిరగడం లేదు. తెలుగు లిపిలో రాసి ఇస్తే పలుకుబడి పాడవుతుందా?

జవాబు: పాడవదు, ఇంకా బాగుపడుతుంది. తప్పకుండా తెలుగులోనే రాసివ్వండి.

ఆ పాట మేరీమాత స్తుతి. పెరూలో కుస్కో దగ్గర అందవాయిలియాస్ అనే ఊళ్లో పనిచేసిన చర్చి గురువు హువాన్ పెరెస్ బొకానెగ్రా, చర్చి గురువుల కోసం తయారుచేసిన పుస్తకంలో ఉంది. 1631లో లిమాలో అచ్చయింది. అమెరికా ఖండాల్లో అచ్చుకెక్కిన మొదటి బహుగాత్ర గీతం (వేర్వేరు వరసలు ఒకేసారి పాడే పాట) ఇదే. తాళం పట్టుకోలేక తికమక పడుతుంటే 'తకిట తకిట తకధిమి' అని చెప్పి నడిపించండి, లెక్క అదే.

క్వెచువాలో అచ్చులు మూడే: అ, ఇ, ఉ. ఇంగ్లీషులో q అని రాసేది కొండనాలుక దగ్గర, గొంతు లోపల పలికే క. దాని పక్కన ఉంటే ఇ కొంచెం ఎ లాగా, ఉ కొంచెం ఒ లాగా మారుతుంది. ఇంగ్లీషువాళ్లను ఇబ్బంది పెట్టే ñ మన ఞ. వర్ణమాలలో ఉండి పెద్దగా వాడని ఆ అక్షరానికి ఇక్కడ పని దొరికింది. కుస్కో వైపు మాట్లాడే క్వెచువాలో ఒత్తు అక్షరాలకు అర్థం మారిపోతుంది. తంత అంటే పోగు, థంత అంటే చిరిగిన పాతగుడ్డ. మూడోది ఒకటుంది, అది మనకు లేదు: గొంతు మూసి, ఊపిరి బిగబట్టి, 'త్' ను చిటికెలా విడిచి 'అంత' అనాలి. అలా అంటే రొట్టె. పాడేటప్పుడు ఆ చిటిక తాళం దెబ్బకు ముందే పడిపోవాలి, అచ్చు దెబ్బ మీద మొదలవ్వాలి. లేకపోతే క్వయరంతా వెనకబడుతుంది. ఊనిక (నొక్కి పలకడం) దాదాపు ఎప్పుడూ చివరినుంచి రెండో అక్షరం మీద. ప్రత్యయం చేరితే ఊనిక కూడా ముందుకు జరుగుతుంది.

ప్రత్యయాలంటే గుర్తొచ్చింది. ఇది మన భాషలాగే అతికించుకుంటూ పోయే భాష. వసి అంటే ఇల్లు, వసికునపి అంటే ఇళ్లలో. కున బహువచనం, పి 'లో'. మీ అమ్మాయి పాటలో 'హనక్ పచ' అంటే పై లోకం, 'పచప్' అంటే లోకపు. ఆ 'ప్', మన 'పు' ఒకలా ఉండటం కాకతాళీయం, చుట్టరికమేమీ లేదు. కానీ తనకు గుర్తుండిపోతుంది. 'కుసికుయ్నిన్' అంటే దాని ఆనందం. పై లోకపు ఆనందం, అంతే.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇంకొకటి. ఇంగ్లీషులో 'మనం', 'మేము' రెండూ ఒకటే. క్వెచువాలో మనలాగే రెండు. 'ఞొకంచిక్' అంటే మనం, వినేవాళ్లు కూడా అందులో ఉన్నారు. 'ఞొకయ్కు' అంటే మేము, వినేవాళ్లు లేరు. ప్రార్థనలో దేవుడితో మాట్లాడేటప్పుడు ఏది వాడాలన్నది వాళ్లకూ ముఖ్యమైన సంగతే. ఆ క్వయర్‌లో పాడే పిల్లల్లో ఈ తేడాను వివరించి చెప్పనక్కర్లేనిది బహుశా మీ అమ్మాయికే. ఏ పాటలోనైనా మాట చివర '-ంచిక్' వస్తే తను గది మొత్తాన్ని చూస్తూ పాడాలి.

ప్రశ్న: నేను హనుమకొండలో తొమ్మిదో తరగతి చదువుతున్నాను. మా క్వయర్‌లో ఆల్టో. మా టీచర్ దక్షిణ అమెరికా పాట నేర్పుతున్నారు. పాటంతా సొప్రానోలదే. మేం ఐదుగురం ఒకే స్వరం పట్టుకుని నిలబడతాం. ఊపిరి కూడా చాలదు. నేను సొప్రానోకి మారిపోవాలా?

జవాబు: తల్లీ, నీ గొంతుకు పైన హాయిగా ఉంటే టీచర్‌ని అడుగు, అందులో తప్పు లేదు. విసుగు పుట్టి మాత్రం మారకు. పైన విశాఖ టీచర్ గారికి రాసింది మీ టీచర్‌కు చూపించు. 'మధ్యలో మా స్వరాన్ని గాంధారానికి మారుద్దామా మేడమ్?' అని అడుగు. మీ ఐదుగురూ మారిన క్షణం సొప్రానోల మొహాలు చూడు. వాళ్లు పాడుతున్న స్వరం మారదు, పాట మారిపోతుంది.

ఊపిరికి ఒక ఉపాయం ఉంది. ఐదుగురూ ఒకేసారి తీసుకుంటున్నారు, అందుకే స్వరం తెగుతోంది, మీకూ చాలడం లేదు. పాదం చివర ఎవరూ తీసుకోకండి, అక్షరం సాగుతుండగా మధ్యలో ఒకరి తర్వాత ఒకరు తీసుకోండి. నీ పక్క అమ్మాయి చేయి పట్టుకుని నిలబడు. ఊపిరి తీసుకోబోయే ముందు ఆ చేయి మెల్లగా నొక్కు. నువ్వు తిరిగి స్వరంలోకి వచ్చేదాకా తను ఆగుతుంది, తర్వాత తను నొక్కుతుంది. తిరిగి వచ్చేటప్పుడు పెద్దగా మొదలుపెట్టకు, లేనట్టే వచ్చి కలువు. వారం రోజులు సాధన చేశాక ఎలా ఉందో నాకు మళ్లీ రాయి.